నబీ రసూల్ మీద వేసిన ప్రశ్న

శాసనసభలో ఏం జరుగుతుందో జమ్మలమడుగులో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నాకో పొగరు ఉండేది. కొత్త రాష్ట్రం వచ్చిన కొత్తలో తాలూకా కచేరీ ఎదుట రేకుల పంచన బల్ల వేసుకుని అర్జీలు రాసేవాణ్ణి. కర్నూలులో సమావేశాలు మొదలవుతున్నాయని పేపర్లో పడితే చాలు, జనం ఎగబడేవాళ్లు. బావి కావాలనేవాడు, బడి కావాలనేవాడు, దాయాది మీద కచ్చ తీర్చుకోవాలనేవాడు. అందరికీ ఒకటే పాఠం చెప్పేవాణ్ణి. ముందు గవర్నరు ప్రసంగం చదువుతాడు, దాని మీద నాలుగు రోజులు కొందరు పొగుడుతారు, కొందరు తిడతారు, ఆ తర్వాత బడ్జెట్టు. పొద్దున పూట ఒక గంట మాత్రం ప్రశ్నలకు. నీ బావి ఆ గంటలో పడితే పడినట్టు, లేదంటే నీ ఖర్మ. విసుక్కుంటూనే చెప్పేవాణ్ణి. విసుక్కోకుండా చెబితే వీడికేం తెలుసులే అనుకుంటారు మనవాళ్లు.

ఖమర్‌బీ వస్తే మాత్రం నాకు విసుగు రాదు, భయం వేస్తుంది. ఎందుకో ముందే చెప్పేస్తాను, ఇన్నాళ్లూ దాచుకున్నది చాలు.

ఆమె పెనిమిటి నబీ రసూల్ పెన్న మీద పుట్టి, అంటే తోలు తాపిన గుండ్రటి బుట్టపడవ, నడిపేవాడు. పెన్న ఏడాదిలో పది నెలలు ఇసకే, వచ్చిందంటే మాత్రం ఊళ్లు తుడిచిపెట్టుకుని వస్తుంది. యాభై మూడు అక్టోబరులో అలాగే వచ్చింది. అప్పుడు నేను ప్రొద్దుటూరు నూనెమిల్లు సావుకారు దగ్గర గుమాస్తాను. పులివెందుల వైపు నుంచి బండ్ల మీద వచ్చిన చెనక్కాయల మూటలు అవతలి గట్టున వానకు తడుస్తున్నాయి. తడిసిన కాయ చూస్తే సావుకారు నన్ను నిలువునా చీరేస్తాడు.

"ఏరు ఎక్కువుండాదప్పా. మనుషులనైతే దాటిస్తా, మూటలొద్దు" అన్నాడు నబీ రసూల్.

"ఆరు మూటలకే మునిగిపోతాదా నీ పుట్టి? అంత బయ్యమైతే చీర కట్టుకో" అన్నాను. నలుగురిలో అన్నాను. అతను నవ్వి, తనే మూటలు ఎత్తి పుట్టిలో వేసుకున్నాడు. నేనూ, పెంచలమ్మ అని ఒక ముసలమ్మా ఎక్కాం.

నడి ఏట్లో పుట్టి గిర్రున తిరిగి బోర్లాపడింది. నబీ రసూల్ నా జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి, నీళ్లలోకి వంగిన తుమ్మకొమ్మను నా చేతికి అందించాడు. ముసలమ్మ కోసం వెనక్కి మళ్లాడు. రెండు బారలు వేశాడో లేదో, నేను చూస్తుండగానే మునిగాడు. మళ్లీ లేవలేదు. పెంచలమ్మ శవం రెండో రోజు దొరికింది. అతనిది దొరకనే లేదు.

మూటలు ఎవరు ఎక్కించారని పోలీసులు అడిగారు. చావు తప్పి కన్ను లొట్టబోయి ఉన్నాను, ఆ మాటతో మళ్లీ చావు ఎదురొచ్చినట్టయింది. "అతనే ఆశ కొద్దీ ఎక్కించాడు. పుట్టి తిరగబడగానే ఈదుకుంటూ గట్టెక్కి పారిపోయాడు" అని చెప్పాను. పారిపోయినవాడు ఒకడుంటే ఉన్నవాడి జోలికి ఎవరూ రారు కదా. రాసుకున్నారు. సంతకం పెట్టాను. ఆ తర్వాత ఏటి పక్క పని నావల్ల కాలేదు, గుమాస్తాగిరీ మానేసి అర్జీల బల్ల పెట్టుకున్నాను.

మూడు నెలలకు ఖమర్‌బీ వచ్చింది.

"నువ్వే గదప్పా ఆయన్ను ఆఖర్న చూసినోనివి. నువ్వే రాయాల" అంది బల్ల ముందు కూర్చుని. "పోలీసోళ్లు వారానికోసారి ఇంటికొస్తాండారు, యాడ దాచినావు మొగున్ని అని. బొంబాయిలో ఇంకో సంసారం పెట్టినాడని ఊరంతా అంటాండారు. నాకు తెల్సు, ఆయన సచ్చిపోయినాడు. రోజూ కల్లోకొస్తాడు. వాకిట్లో నిలబడతాడు, లోపలికి రాడు. బట్టలు కారతాంటాయి. 'నన్ను ఇంకా పంపీలేదేమి' అంటాడు. పోయినోళ్లకు చదివే ఫాతెహా చదవమని ఖాజీ గారి కాళ్లు పట్టుకుంటి. రుజువు ల్యాకుండా నేనేం చదవాలమ్మా అన్నాడు. సర్కారు ఒక్క మాట, సచ్చిపోయినాడని చెప్తే సాలప్పా. పంపించుకుంటా."

పోలీసులకు నేనేం చెప్పానో ఆమెకు తెలియదు. ఆ ఒక్క మాట నా నాలుక మీదే ఉంది. చెప్పలేదు. కాగితం తీసి అర్జీ రాశాను.

మా ఎమ్మెల్యేకు పెన్న మీద వంతెన కావాలి. పుట్టి మునిగిన సంగతి వినగానే ఆయన కళ్లు మెరిశాయి. నక్షత్రం గుర్తు పెట్టి, అంటే మంత్రి సభలో లేచి నోటితోనే జవాబు చెప్పేటట్టు, మూడు భాగాల ప్రశ్న వేశాడు. పుట్టి మునిగిన మాట నిజమేనా? పుట్టివాడు నబీ రసూల్ మరణించాడా, అతని కుటుంబానికి ఏం సాయం చేశారు? వంతెన ఎప్పుడు కడతారు?

"ఆడ ఏం చేస్తారప్పా?" అని అడిగింది ఖమర్‌బీ. "కోర్టులో మాదిరి పేరు మూడుసార్లు పిలుస్తారా? మూడుసార్లకూ పలకకుంటే సచ్చిపోయినాడని రాసుకుంటారా?"

"అట్ల పిలవరు. కాగితం చూసి చదువుతారు."

"పిలిస్తే బాగుండు. అంత పెద్ద సభలో పిలిస్తే యాడున్నా ఇనపడతాది" అంది.

అప్పటి నుంచి మొదలైంది నాకు. ఏప్రిల్ ఎండ రేకుల్ని పేలాల పెనంలా కాలుస్తుంటే, నా బల్ల దగ్గర పచ్చి తోలు నానిన వాసన వచ్చేది. పుట్టికి కింద తాపిన తోలు వాసన. ముక్కు మూసుకుంటే పోయేది కాదు. అర్జీల కోసం నిలబడ్డ వరసలో చిట్టచివర ఒకడు తడిసిన లుంగీతో ఉండేవాడు. వరస తరిగేది, అతను ముందుకు వచ్చేవాడు కాదు. అందరూ వెళ్లాక తలెత్తి చూస్తే ఎవరూ లేరు, బండ మీద తడి మాత్రం ఉండేది. పక్క బల్ల రాతగాణ్ణి అడిగితే "ఎవురో కుండ దించి పోయింటారులే" అన్నాడు. అదే అయి ఉండాలని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

ఎండాకాలం సమావేశాల్లో ప్రశ్న వంతు రాలేదు. నవంబరులో మంత్రివర్గం పడిపోయింది, సభ రద్దయింది. సభ పోతే దానితో పాటు ప్రశ్నలూ పోతాయని ఖమర్‌బీకి చెప్పాను.

"ప్రశ్నకు సావుండాది. నా మొగునికే ల్యాదన్నమాట" అంది.

యాభై ఐదులో ఎన్నికలయ్యాయి. కొత్త ఎమ్మెల్యే, కొత్త సభ. మళ్లీ అర్జీ. ఈసారి "మరణించెను" అన్న మాట లావు అక్షరాలతో రాసి కింద రెండు గీతలు కొట్టాను. కర్నూలులో కూర్చున్నవాళ్లు పాత పోలీసు కాగితం దులుపుతారా, మంత్రి అవునంటాడు, అతనికి చావు దొరుకుతుంది, నేనూ బయటపడతాను అనుకున్నాను. పాము చావాలి, కర్ర విరగకూడదు. నా తెలివి మీద నాకంత నమ్మకం.

జవాబు వచ్చిందని కబురందిన రోజు ఇద్దరం బస్సెక్కి ప్రొద్దుటూరులో ఎమ్మెల్యే ఇంటికి వెళ్లాం. ఆయన దగ్గర కాగితాలు చూసే గౌస్ మొహిద్దీన్ అచ్చువేసిన కాగితం తీశాడు. అది ఇంగ్లీషులో ఉంది. నా చేతికి ఇస్తే ఏం చదివేవాణ్ణో నాకు తెలుసు. ఇవ్వలేదు. తనే ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాడు.

"మొదటిదానికి జవాబు, అవును. రెండోదానికి, లేదు. పుట్టివాడు మరణించలేదు. ప్రత్యక్ష సాక్షి వాంగ్మూలం ప్రకారం ఈదుకుంటూ గట్టు చేరి పరారీలో ఉన్నాడు. గాలిస్తున్నారు. కాబట్టి కుటుంబానికి సాయం అన్న ప్రశ్న ఉత్పన్నం కాదు. మూడోది, పరిశీలనలో ఉంది."

నా మాటలే. వణుకుతూ చెప్పినవి, మంత్రి నోట తొణక్కుండా వచ్చాయి.

"ఇంకోసారి చెప్పు నాయినా" అంది ఖమర్‌బీ.

అతను మళ్లీ చెప్పాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాను, సర్కారును శపిస్తుందనుకున్నాను. ఆమె ముసుగు సవరించుకుని మెట్లు దిగింది. బజారులో గాజుల అంగడి ముందు ఆగింది. రెండేళ్ల కిందట తీసేసిన గాజులు, మళ్లీ చేతినిండా పచ్చవి వేయించుకుంది. నేను రోడ్డు మీద నిలబడి చూశాను. జీవితంలో అంత భయంకరమైన దృశ్యం ఇంకోటి చూడలేదు. నది కూడా నన్ను అంత భయపెట్టలేదు.

బస్టాండులో ఇక ఆగలేకపోయాను.

"ఖమర్‌బీ, ఆ సాక్షిని నేనే. ఆయన ఈదిపోలేదు. నన్ను కొమ్మకు అందించి, పెంచలమ్మ కోసం పోయి మునిగినాడు. నా కండ్లతో చూసినా. మూటలు ఎక్కించమన్నదీ నేనే. పోలీసులకు అబద్ధం చెప్పినా. నన్ను చెప్పుతో కొట్టు."

ఆమె నన్ను కొట్టలేదు. జ్వరం వచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది.

"ఏమప్పా, ఎండ దెబ్బ తగిలిందా? సర్కారు అచ్చేసి చెప్పినాక నువ్వు కాదంటే అయితాదా?"

"ఆ సర్కారుకు చెప్పింది నేనేనమ్మా."

"నువ్వొక్కనివి చెప్తే అంత పెద్ద సభలో లేచి చెప్తారా? ఇచారించుకోకుండా? అందుకే గదా రెండేండ్లు పట్టింది."

రెండేళ్లు ఆ కాగితం ఏ బీరువాలో దుమ్ము తిన్నదో నాకు తెలుసు. అది ఆమెకు విచారణగా కనబడింది. "వాళ్లు ఏమీ ఇచారించలేదు, ఒట్టు" అంటూ ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. చుట్టూ జనం చూస్తున్నారు.

ఆమె గొంతు తగ్గించింది. "లెయ్యప్పా. నిన్నటి దాకా సచ్చిపోయినాడని రాయమని నేనే నీ ఎంటబడితి. ఇప్పుడు బతికుండాడంటాండారు. ఉండనీ. నువ్వు మళ్లా సంపొద్దు" అంది.

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. నేను ఎక్కలేదు. నడుచుకుంటూ వచ్చాను, దారి పొడుగునా ఆ తోలు వాసన నా వెంటే వచ్చింది. మర్నాడు పోలీసుల దగ్గరికి పోయి నిజం చెప్పబోయాను. అక్కడ కాగితాలు రాసే రైటరు విని, మంత్రి గారు సభలో చెప్పిన మాట తప్పని నువ్వు రాసిస్తావా, బతకాలని ల్యాదా అని నవ్వి, టీ తాగి పొమ్మన్నాడు. తాగి వచ్చాను. అంతటి వీరుణ్ణి నేను.

ఆ రోజు నుంచి నబీ రసూల్ ఆమె కలలోకి రావడం లేదట. బతికినోడు కల్లోకి ఎందుకొస్తాడప్పా అని నవ్వుతూ చెప్పింది. ఆ ఇంటి వాకిలి వదిలి ఎక్కడికి వచ్చాడో నాకు తెలుసు. ఇప్పుడు నా గడప దగ్గర నిలబడుతున్నాడు, పట్టపగలే. ఏమీ అడగడు. అడిగితే సగం బరువు తగ్గేది.

యాభై ఆరులో రాష్ట్రం పెద్దదైంది. డిసెంబరులో హైదరాబాదులో సభ కూర్చుంటుందని పేపర్లో పడ్డ రోజు, బల్ల తెరవకముందే ఖమర్‌బీ వచ్చి పంచన కూర్చుని ఉంది. చేతుల నిండా గాజులు.

"పెద్ద సభంట గదప్పా. ఈసారి ఏం చెప్తారో? పోయినసారి బతికుండాడన్నారు. ఈసారి యాడుండాడో అడగమని రాయి."

నేను కలం పట్టుకుని ఆమె ముఖంలోకి చూశాను. ఇంకోసారి చెబుదామని నోరు తెరిచాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

రాశాను. నబీ రసూల్ ప్రస్తుతం ఎక్కడ ఉన్నాడో ప్రభుత్వం తెలియజేయునా అని రాసి, చదివి వినిపించాను. ఆమె బొటనవేలికి సిరా పూసుకుని, కాగితం మీద జాగ్రత్తగా ఒత్తింది.

"పోలీసోళ్లు పట్టుకుని జైల్లో పెట్టినారన్నా నాకు శానా మేలేనప్పా" అంది వేలు తుడుచుకుంటూ. "రెండు పూట్లా అన్నమన్నా పెడతారు."