ఆడోళ్ళకి జేబులెందుకు

ఉతకడానికి వేసే ముందు ఫయాజ్ ప్యాంటు జేబులు తడమడం తబస్సుమ్ రోజువారీ పనుల్లో ఒకటి. మొగుడు దర్జీ కాబట్టి తన ప్యాంట్లకు తనే ఆరేసి జేబులు కుట్టుకున్నాడు. పక్కన రెండు, వెనక రెండు, చిల్లరకు చిన్నదొకటి. ఆరోది ఎందుకో అతనికే తెలియదు. వాటిలోంచి టీ కొట్టు చీటీలు, సుద్దముక్కలు, ఎవరిదో నడుము కొలత రాసుకున్న కాగితం, సగం వాడిన వక్కపొడి పొట్లం తీసి కిటికీ గట్టు మీద వరసగా పెట్టాలి. పెట్టకపోతే మధ్యాహ్నానికి కేకలు మొదలవుతాయి. పెళ్లయి పదకొండేళ్లయినా తబస్సుమ్ ఒంటి మీద ఒక్క జేబు లేదు. ఆమె ఫోను ఫ్రిజ్ మీద ఉంటుంది, ఆమె డబ్బు కందిపప్పు డబ్బాలో ఉంటుంది, రెండూ అందరికీ అందుబాటులోనే ఉంటాయి.

బెల్లం మార్కెట్‌కు వెళ్లే దారిలో ఒక సందు మొగలో ఫయాజ్ కొట్టు, కొట్టు వెనకే ఇల్లు. రెండేళ్ల కిందట అతనికి కొట్టును షోరూమ్ చెయ్యాలని పుట్టింది. అద్దాల తలుపు, ఏసీ, పైన రంగు దీపాలు కలిపి లక్షన్నర. పాత ఫోను వాయిదాలు ఎగ్గొట్టిన పుణ్యాన అతని పేరు మీద ఎవరూ అప్పివ్వలేదు. "నీ పేరు మీద ఇత్తన్నారంటే నీకే కదా మర్యాద" అన్నాడు పెళ్లాంతో. ఆ మర్యాద జరిగిన రోజు ఆమె చపాతీల పిండి కలుపుతోంది. ముందు గదిలో ఫైనాన్స్ కంపెనీ ఏజెంటు ధనరాజ్ కూర్చున్నాడు. "ఓటీపీ ఎంతొచ్చిందో సూడు" అని ఫయాజ్ కేకేశాడు. పిండి చేతులతోనే ఫ్రిజ్ మీదికి తొంగి చూసి ఆరంకెలు చదివింది. చెయ్యి కడుక్కునే లోపల లక్షన్నర అప్పుకు సొంతదారైంది.

షోరూమ్ అయ్యాక గిరాకీ తగ్గింది. బెల్లం అమ్ముకోవడానికి ఊళ్ల నుంచి వచ్చే రైతులు ఇదివరకు చొక్కా గుడ్డ చేతికిచ్చి వెళ్లేవారు. ఇప్పుడు అద్దాల తలుపు దగ్గర ఆగి, లోపలి దీపాలు చూసి, రేట్లు పెంచేసినట్టున్నాడనుకుని పక్క సందుకు పోతున్నారు. లోపల ఫయాజ్ చల్లగా కూర్చునేవాడు. నెలకు ఐదువేల మూడొందల చొప్పున ముప్పై ఆరు వాయిదాలు. మూడో వాయిదాకే నాగా పడింది. "తబస్సుమ్ మేడమ్ గారేనా?" అని ఫోనొచ్చింది. పుట్టాక ఆమెను మేడమ్ అని పిలిచిన మొదటి మనిషి బాకీ వసూలుకు పిలిచాడు. మేడమ్ గారిని అవతలివాడు చాలా మాటలన్నాడు. ఫోను పెట్టేసి వంటింట్లో గోడవైపు తిరిగి ఏడ్చింది. ఏడుస్తూనే పప్పు తాలింపు పెట్టింది, ఎందుకంటే ఒంటిగంటయింది.

ఆ రాత్రి ఫయాజ్ ఫోన్లో కోటు వేసుకున్న పెద్దమనిషి చెప్పిన బడ్జెట్ పాఠం విని, క్యాలెండర్ వెనక జాబితా రాశాడు. పాలు లీటరు నుంచి అర లీటరు. తబస్సుమ్ మధ్యాహ్నం టీ రద్దు. తబస్సుమ్ ఫోన్ రీఛార్జి రద్దు, ఇంట్లోనే ఉంటుంది కనక. తబస్సుమ్ తునిలో పుట్టింటికి వెళ్లడం పండక్కి మాత్రమే. అతని ఆరు టీలూ, స్నేహితులతో శుక్రవారం బిర్యానీ ఆ జాబితాలో కనపడలేదు. అడిగితే అవి పరిచయాల ఖర్చు, వ్యాపారానికి పెట్టుబడి అన్నాడు. ఆదాయం కింద మాత్రం తన సంపాదనతో పాటు తల్లి రజియా బేగం పింఛను కూడా రాసుకున్నాడు. ఆవిడ పింఛను కొంగున ముడేసుకుంటుంది. ఆవిడ కునుకు తీస్తుంటే కొడుకు వచ్చి ముడి విప్పి, రెండొందలు తీసుకుని, మళ్లీ ముడేసి మరీ వెళ్తాడు. దర్జీ కదా, ముడి బాగానే వేస్తాడు.

ఆ జాబితా గోడకెక్కిన వారానికే కుమారి వచ్చింది. దేవరాపల్లి పిల్ల, ఇక్కడ గది తీసుకుని అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పని చేస్తోంది. కంపెనీ బస్సు ఆ సందు చివరే ఆగుతుంది. తన పంజాబీ డ్రెస్సుకు ఒక జేబు కుట్టమని ఫయాజ్‌ను అడిగింది.

"ఆడోళ్ళకి జేబులెందుకమ్మా? ఏటెడతారందులో?" అని ఫయాజ్ నవ్వాడు. ఇది జెంట్స్ షోరూమని కూడా చెప్పాడు.

తబస్సుమ్ వెనక గుమ్మంలోంచి వెళ్లి ఆ పిల్లను సందులో పట్టుకుంది. లోపలికి సంచులు తీసుకెళ్లనివ్వరట, ఫోను బీరువాలో పెట్టి తాళం దగ్గరుంచుకోవాలట. "తాళం చున్నీకి కట్టుకుంటే జారిపోతంది అక్కా. ఇప్పటికి రెండు పోయేయి. పోయిందంటే జీతంలో రెండొందలు కోత్తన్నారు" అంది కుమారి. తబస్సుమ్ ఆ డ్రెస్సు తీసుకుంది. మగవాళ్ల ప్యాంట్లకు వాడగా మిగిలిన జేబుగుడ్డ ముక్కలు కొట్లో గోనెసంచిడు ఉన్నాయి, ఫయాజ్ వాటితో మిషను తుడుస్తాడు. పక్క కుట్టు విప్పి, అందులో కలిసిపోయేలా జేబు పెట్టింది. వేసుకున్న మనిషికి తప్ప ఇంకెవరికీ కనపడదు. నలభై రూపాయలు తీసుకుంది.

మర్నాడు కుమారి ముగ్గుర్ని తెచ్చింది. నెల తిరిగేసరికి సగం బస్సు తబస్సుమ్ వరండాలో దిగింది. తాళానికొకటి, మాత్రలకొకటి, నెలసరి ప్యాడుకొకటి, మొగుడికి చెప్పని యాభై నోటుకొకటి. జేబు అడగడానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ ముందు కొంచెం సిగ్గుపడేది, చెయ్యరాని పని చేస్తున్నట్టు. కుట్టాక చెయ్యి లోపలికి పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూసుకునేది. అది చూసినప్పుడల్లా తబస్సుమ్‌కు నవ్వొచ్చేది, దాని వెనకే కోపమూ వచ్చేది. ఇంత చిన్న గుడ్డముక్క ఇన్నాళ్లు ఎవరూ ఎందుకు కుట్టలేదు?

జాబితాను కూడా ఆమె కొద్దిగా సవరించింది, ముందు తన ఫోన్ రీఛార్జి రద్దును కొట్టేసింది. ఏసీ తీగ పీకి, అద్దాల తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి బార్లా తెరిచింది. కరెంటు బిల్లు తగ్గింది, రైతులు లోపలికి రావడం మొదలుపెట్టారు. వాయిదాలకు కొట్టు డబ్బు సరిపోయింది. జేబుల డబ్బు ఆమె ప్రతి నెలా విడిగా ఫైనాన్స్ కంపెనీకి తీసుకెళ్లి అప్పుకు అదనంగా కట్టింది. మొదటిసారి గుమాస్తా దాన్ని వచ్చే నెల వాయిదా కింద జమేశాడు. రెండోసారి నుంచి చీటీ మీద పెద్దక్షరాలతో "అసలుకి" అని తనే రాసి, అతను జమ చేసేదాకా కదలకుండా నిలబడింది. ముప్పై ఆరు నెలల అప్పు పంతొమ్మిదో నెలలో తీరిపోయింది. "అంతా ప్లానింగ్ బావా. నేను బడ్జెట్ రాసేనంటే రాసేనే" అని ఫయాజ్ టీ కొట్టు దగ్గర అందరికీ చెప్పాడు. వింటున్నవాళ్ల టీ డబ్బులు కూడా ఇచ్చాడు, పరిచయాల ఖర్చు కింద.

అప్పు తీరిన కాగితం చేతికొచ్చిన రోజున తబస్సుమ్ తన నీలం డ్రెస్సు పక్క కుట్టు విప్పింది. పదహారు నెలల్లో రెండువేల జేబులు కుట్టినా తనకు కుట్టుకునే తీరిక ఆ రోజే దొరికింది. ఇకనుంచి జేబుల డబ్బు దాచి, అప్పు లేకుండా, తన కోసం ఒక మోటారు మిషను కొనుక్కోవాలని కూడా ఆ రోజే అనుకుంది.

నాలుగు రోజులకు ధనరాజ్ మళ్లీ వచ్చాడు. ఇంత తొందరగా తీర్చిన మేడమ్ గారికి కంపెనీ నాలుగు లక్షలు ఇస్తానంటోందట. ఫయాజ్ అప్పటికే అచ్యుతాపురంలో రెండో షోరూమ్‌కు బోర్డు రంగు కూడా నిర్ణయించేశాడు. తబస్సుమ్ వద్దంది. మోటారు మిషను సంగతి చెప్పింది. "ఒక మిషనేటి, పది కొందాం" అని ఫయాజ్ ధనరాజ్‌కు సైగ చేశాడు. ధనరాజ్ ఫోన్లో ఏదో నొక్కి, ఓటీపీ వెళ్లిందనీ, మూడు నిమిషాలే టైమనీ చెప్పాడు.

తబస్సుమ్ టీ గ్లాసుల పళ్లెంతో నిలబడి ఉంది. ఫయాజ్ ఫ్రిజ్ మీద చూశాడు. ఫోను లేదు. దిండు కింద, మిషను సొరుగులో, కందిపప్పు డబ్బాలో చూశాడు. తన ఫోను నుంచి రింగిచ్చాడు. గదిలో ఎక్కడో గుర్రుమని చప్పుడు. రజియా బేగం ఫ్రిజ్ మళ్లీ పాడైనట్టుందంది. ధనరాజ్ తన ఫోను చెవి దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. ఫయాజ్ ఒకదాని తర్వాత ఒకటి తన ఆరు జేబులూ తడుముకున్నాడు. తబస్సుమ్ తొడ దగ్గర ఫోను వణుకుతూనే ఉంది. ముగ్గురూ ఇల్లంతా చూశారు గాని ఆమె వైపు చూడలేదు. నవ్వు ఆపుకోలేక పళ్లెం కింద పెట్టింది. ఇంకో నిమిషం ఊరుకుంటే గడువు దానంతటదే తీరిపోయేది. కాని పంతొమ్మిది నెలలు కష్టపడి తీర్చింది దొంగలా నిలబడడానికా అనిపించి, పక్క కుట్టులోకి చెయ్యి పెట్టి ఫోను బయటికి తీసింది.

ఫయాజ్ ఫోను వైపు చూడలేదు, అది వచ్చిన చోటు వైపు చూశాడు. "జేబెప్పుడు కుట్టేవు?"

"అప్పు తీరిన రోజు."

"సర్లే, నంబర్ సెప్పు."

"సెప్పనండీ" అంది తబస్సుమ్. "పేరు నాది. పదహారు నెల్లు కుట్టి కుట్టి దాన్ని బాగుచేసుకున్నాను. ఇంకెవరికీ వాడుకోడానికివ్వను."

ఫోను మళ్లీ జేబులో వేసుకుంది. టైమ్ అయిపోయిందని ధనరాజ్ మెల్లగా చెప్పి, టీ తాగి లేచాడు. ఫయాజ్ కొట్లోకి వెళ్లి ఏసీ వేసుకుని, అద్దాల తలుపు మూసుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం, పదకొండేళ్లలో కోడల్ని ఒక్క మాట మెచ్చుకోని రజియా బేగం తన లంగా ఒకటి మడతపెట్టి తెచ్చి మిషను మీద పెట్టింది. దీనిక్కూడా ఒకటి కుట్టమంది.

"ఎంత లోతుండాలి అమ్మీ?"

రజియా బేగం కొట్టు వైపు ఒకసారి చూసింది.

"వాడి సెయ్యి అందనంత."