చెల్లెలికి తగ్గే దారి

సున్నపురాతి కొండ కింద పల్లెలో అక్కాచెల్లెళ్ళిద్దరు రెండు గదులు అద్దెకిచ్చేవాళ్ళు. అడవిలో నడవడానికి వచ్చినవాళ్ళకి పొద్దున్నే కాఫీ ఇచ్చి, కొండమీద ఊట దాకా తీసుకెళ్ళి తీసుకురావడం వాళ్ళ పని. ఏ రోజు ఎవరి వంతో గుమ్మం పక్కన పలక మీద సుద్దతో రాసుకునేవాళ్ళు. అక్కతో వెళితే పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. చెల్లెలితో వెళితే రానూపోనూ కలిపి పావుగంట. ఆ పిల్లంటే కొండకి ముద్దు, దారి తగ్గిస్తుంది. అది ఊరందరికీ తెలిసిందే. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఏరికోరి ఆమెనే అడిగేవాళ్ళు.

అక్కకి ఒళ్ళు మండిపోయేది. ప్రతి మలుపూ, ప్రతి పువ్వు పేరూ కష్టపడి నేర్చుకున్నది తను. చెల్లెలికి గడ్డికీ మొక్కకీ తేడా తెలీదు. ఇంకెవర్ని తీసుకెళ్ళినా ఓర్చుకునేదేమో గానీ, డ్రాయింగు మాస్టారు కూడా చెల్లెలితోనే వెళ్ళేవాడు. మూడేళ్ళుగా ప్రతి సెలవులకీ వస్తున్నాడాయన. ఆయన వచ్చే రోజు అక్క రెండుసార్లు తల దువ్వుకునేది.

ఈసారి పలక మీద చెల్లెలి పేరు తుడిచేసి తన పేరు రాసుకుంది. మాస్టారు రెండు గంటలూ కుంటుకుంటూ నడిచాడు. ఊట దగ్గర కూలబడి, చెవులదాకా ఎర్రబడ్డాడు.

"మీ చెల్లెల్ని పెళ్ళి చేసుకుంటానని అడుగుదామని మూడేళ్ళుగా చూస్తున్నానండీ. గొంతు సవరించుకునేలోపే ఇల్లొచ్చేస్తుంది. ఇంట్లో అందరి ముందూ నోరు పెగలదు. కాస్త మీరే అడిగిపెట్టండి. సరేనంటే తనని ఇక్కడికి పంపండి. ఇప్పుడు ఒంటిగంటయింది, నాలుగింటి దాకా చూస్తాను. రాకపోతే అటువైపు దిగి బస్సెక్కేస్తా. మళ్ళీ ఈ ఊరు రాను."

అక్క తలూపి దిగడం మొదలుపెట్టింది. అసూయతో కళ్ళు మసకబారాయి. అబద్ధం ఆడక్కర్లేదు, ఆలస్యం చేస్తే చాలు. కనబడ్డ ప్రతి బండ మీదా కూర్చుంటూ దిగితే ఐదవుతుంది. అప్పుడు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

మొదటి మలుపు తిరిగింది. ఎదురుగా తమ పెరడు. చెల్లెలు దుప్పట్లు ఆరేస్తోంది.

"అదేంటక్కా, అప్పుడే వచ్చేశావ్? మాస్టారేరీ?"

అక్క దగ్గర ఏ సాకూ ఇంకా తయారుగా లేదు.

"ఊట దగ్గరున్నారు. నిన్ను పెళ్ళి చేసుకుంటారట. ఇష్టమైతే రమ్మన్నారు."

చెల్లెలు తడి దుప్పటి అక్క చేతుల్లో పడేసి, చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది.

అక్క ఆ దుప్పటిని పిండింది. చుక్క నీరు రాకపోయినా పిండుతూనే ఉంది. ఆ పూట కొండ తనకీ దారి తగ్గించిందని ఆమె ఎవరికీ చెప్పలేదు.