వినే మేడమ్

శకుంతలమ్మకు ఫోన్ మోగితే గుండె జారి కడుపులో పడుతుంది. మోగకపోతే ఇంకా కిందికి జారుతుంది.

చిత్తూరులో వాళ్ల ఇంటికి ఫోన్ లేదు. పక్కింటి దేవకమ్మ నంబరే కూతురు ధరణికి ఇచ్చిపెట్టింది. తిరుపతిలో యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతున్న ఆ పిల్ల, ఆదివారం పొద్దున రూపాయి బిళ్లల ఫోన్ నుంచి చేస్తుంది. దేవకమ్మ గోడ మీదినుంచి "శకుంతలక్కా, మీ పాప!" అని కేకేస్తుంది. శకుంతలమ్మ పొయ్యి మీద ఏముందో కూడా చూసుకోకుండా పరుగెత్తుతుంది.

"ఏమ్మే, గొంతు అట్లుండాదేం? జ్వరమా? తిన్నావా? నీళ్లు కాంచుకోని తాగతాండావా? రూములో ఫ్యాను ఊగతాందా, గట్టిగా ఉండాదా? సందేళ బయటికి పోలేదు కదా? ఎవురన్నా ఎనకాల వస్తాండారా?"

"బాగుండానుమా."

"బాగుండానంటే ఎట్ల బాగుండావు?"

"బాగనే బాగుండాను. బిళ్ల అయిపోతాంది, పెట్టేస్తాండా."

దేవకమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ అంతా వింటుంది. "పోలీసోళ్లు దొంగను గూడా ఇన్ని అడగరు కదక్కా" అని నవ్వుతుంది. శకుంతలమ్మకు నవ్వు రాదు. ఇంటికొచ్చి, మాడిన గిన్నె దించి, ఆ 'బాగుండాను'లో ఏది దాగిందా అని మళ్లీ ఆదివారం దాకా తవ్వుకుంటూ ఉంటుంది.

భర్త కుప్పయ్య రేణిగుంట గోడౌన్లకు లారీ తోలుతాడు. ఇంటికి వస్తే నిద్రపోతాడు, లేస్తే పోతాడు. ఆమె తన భయమూ, దానికి మొక్కిన మొక్కూ చెప్పబోతే, "నీ మొక్కులన్నీ తీర్చాలంటే మనం అలిపిరి మెట్ల కాడే గుడిసె ఏసుకోవాల" అంటాడు. అంతటితో ఆ మాట అయిపోతుంది. ఇంక ఆ ఇంట్లో భయపడడానికి ఆమె ఒక్కతే.

పిల్ల ముందునుంచీ ఇట్లా ముక్తసరిగా మాట్లాడేది కాదు. ఇంటర్‌లో ఉండగా, బస్సులో ఒక పిల్లోడు తననే చూస్తున్నాడని నవ్వుతూ చెప్పింది. మర్నాటినుంచి ఆ ఏడాదంతా శకుంతలమ్మ అదే బస్సెక్కి కాలేజీ గేటు దాకా దిగబెట్టింది. డిగ్రీలో ఒకసారి తల తిరిగిందంటే వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయి లేని రోగాలన్నింటికీ పరీక్షలు చేయించింది. ఆ తర్వాతే పిల్ల 'బాగుండాను' అనే మాట పట్టుకుంది.

కానీ ఈ ఏడు దసరా సెలవులు అయిపోయి హాస్టల్‌కు పోయినాక ఆ మాట కూడా సన్నబడింది. దానికి తోడు, ధరణి రూములోనే ఉండే మహిత బజారులో కనిపించింది. ఆ పిల్లదీ చిత్తూరే. చెల్లెలికి గాజులు కొనడానికి వచ్చింది.

"మా ధరణి ఎట్లుండాదిమా?"

మహిత గాజులవైపే చూస్తూ, "బాగుంది ఆంటీ. ఇప్పుడు మాతో కలిసి మెస్సులో తినడంలేదు అంతే" అంది.

"తినడంలేదా? ఏమిటికి? యాడ తింటాది మరి?"

"నాకు తెలీదాంటీ" అని, గాజులు తీసుకోకుండానే వెళ్లిపోయింది.

ఇంక శకుంతలమ్మకు కాలు నిలవలేదు. పిల్లకు ఏదో రోగం. కాదు, ఎవడో మాయమాటలు చెప్పినాడు. కాదు కాదు, పరీక్ష పోయింటాది, ఇంట్లో చెప్పలేక ఏదన్నా చేసుకుంటాదేమో. ఒకదాని వెంట ఒకటి వచ్చి కూర్చున్నాయి. మర్నాడే బస్సెక్కింది. పిల్ల బట్టలు సర్దుకుని రావడానికి ఖాళీ సంచి ఒకటి, బియ్యప్పిండితో చెక్కల్లాగా చేసిన నిప్పట్లు ఇంకొక సంచిలో పెట్టుకుంది. చదువు చాలు, పిలుచుకొచ్చేస్తాను అని నిర్ణయం చేసుకునే ఎక్కింది. చంద్రగిరి దాటి కొండ కనిపించినప్పుడు చేతులు జోడించి ఇంకొక మొక్కు మొక్కింది.

హాస్టల్ ఆఫీసులో మేట్రన్ తల ఎత్తలేదు. "క్లాసుల టైములో పిల్లల్ని పంపం. ఆదివారం రండి."

"నేను దాని తల్లినమ్మా. పిల్ల తిండి తినలేదంటాండారు."

"ఫిర్యాదు ఉంటే అంబుడ్స్‌మన్ దగ్గరికి పోండి. లైబ్రరీ వెనక."

ఆ పేరు ఆమె ఎప్పుడూ వినలేదు. లైబ్రరీ వెనక చెట్ల కింద ఒక చిన్న గది, బయట బెంచీ, బెంచీ మీద జయరామ్ అనే అటెండరు. ఆమె అడిగితే, "వినే మేడమ్ కోసమా? పిల్లోళ్లు ఆమెను అట్లే అంటారు. ఆమె పని వినేదే" అన్నాడు.

"విని ఏం చేస్తాది?"

"అదే నాకూ తెలీదుమా. ఏడ్చుకుంటా లోపలికి పోతారు, మొగం కడుక్కోని బయటికి వస్తారు. నడాన ఏం జరగతాదో నేను ఎరగను. ఇంత దగ్గర కూర్చునుండా, ఒక్క మాట ఇనపడదు నాకు."

లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, ఫోను, మూలన మంచినీళ్ల కుండ. కుర్చీలో నేత చీర కట్టుకున్న ఒక పెద్దామె. చంద్రకాంతమ్మ అని పేరు చెప్పుకుని, ఈమె పేరు అడిగింది. ఇదే యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయిందట. నీళ్లు ముంచి ఇచ్చింది. శకుంతలమ్మ నీళ్లు తాగకుండానే మొదలుపెట్టింది. రోగం, మాయమాటలు, పరీక్ష, ఫ్యాను, మెస్సు, మహిత, అన్నీ కలగలిపి చెప్పేసింది. చంద్రకాంతమ్మ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. తన మాటను చివరిదాకా ఎవరైనా వినడం ఎన్నాళ్లయిందో శకుంతలమ్మకు గుర్తులేదు. 

"ఒక్కటి చెప్పమ్మా. మా ధరణి నీ దగ్గరికి వచ్చిందా?"

"అది నేను చెప్పకూడదు శకుంతలమ్మా."

"వచ్చిందనా, రాలేదనా?"

"రెండూ చెప్పకూడదు. ఈ గదిలోకి ఎవరొచ్చినారో, ఎవరు రాలేదో బయట ఎవరికీ చెప్పను. వైస్ ఛాన్సలర్ అడిగినా అంతే."

"ఆయప్ప సంగతి నాకెందుకు? నేను కన్నతల్లిని!"

"కన్నతల్లికి కూడా."

శకుంతలమ్మకు ఒళ్లు మండింది. "అయితే నువ్వు ఈడ ఏమిటికి కూర్చునుండావు? వార్డెనమ్మవా?"

"కాదు."

"జడ్జివా?"

"కాదు. మార్కులు వెయ్యలేను, ఎవరికీ శిక్ష వెయ్యలేను. ఏ పక్కా చేరను. పిల్లలు వచ్చి చెప్పుకుంటారు. వాళ్లకు దావ ఏదో కలిసి వెతుకుతాం. వాళ్లు సరేనంటే నేనే పోయి అవతలివాళ్లతో మాట్లాడతాను. వద్దంటే విన్నది ఇక్కడే ఉంటుంది." ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "మా ఆయన ఉండగా రోజూ అడిగేవాడు, ఈరోజు ఎవరొచ్చినారని. ఎండ బాగా వచ్చింది అనేదాన్ని. ఇప్పుడు అడిగేవాళ్లు కూడా లేరులే."

శకుంతలమ్మకు ఆమె మీద జాలి రావలసింది. రాలేదు. తన కడుపున పుట్టిన పిల్ల మనసులో మాట ఈమె దగ్గర ఉందేమో, తన దగ్గర లేదు. ఆ ఊహకే అసూయ గొంతు దాకా వచ్చింది. లేచి వెళ్లిపోదామని సంచీలు అందుకోబోయింది.

అప్పుడు కనిపించింది. కుండ పక్కన, కిటికీ దిమ్మె మీద, ఒక గుండ్రటి స్టీలు డబ్బా. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు: 'వరదమ్మ కానుక.'

ధరణికి చెవులు కుట్టించిన రోజు, పిల్ల అవ్వ వరదమ్మ చిత్తూరు పాత్రల అంగట్లో పేరు కొట్టించి తెచ్చిన డబ్బా అది. మెషీన్ పట్టుకున్నవాడికి చెయ్యి వణికిందేమో, చివరి అక్షరం కిందికి వాలి ఉంటుంది. దసరా అయిపోయినాక శకుంతలమ్మే దాని నిండా నిప్పట్లు నింపి పిల్ల సంచిలో పెట్టింది.

ఆమె చూపు ఎక్కడ ఆగిందో చంద్రకాంతమ్మ చూసింది. చూసి, తను డబ్బావైపు తిరగలేదు. దాన్ని దాచడానికీ లేవలేదు. ముఖంలో ఏమీ మారలేదు. ఒడిలో చేతులు మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

అది మాదే అనే మాట శకుంతలమ్మ నాలుక చివరికి వచ్చింది. అనేస్తే? ఈమె నోరు ఎట్లాగూ విప్పదు. తను పోయి పిల్లను నిలదీస్తుంది. పిల్ల ఈ గదికి రావడం మానేస్తుంది. మెస్సులో తినదు, ఇంటికి చెప్పదు, ఇక్కడికీ రాదు. ఇంక అది యాడికి పోతుంది?

ఆమె మళ్లీ కూర్చుంది. ఈసారి నీళ్లు తాగింది.

"ఈడికొచ్చే పిల్లోళ్లు... ఎవురని అడగడంలేదు. ఊరికే అంటాండా. తింటారా వాళ్లు?"

"కొందరు ఇక్కడే కూర్చుని తింటారు. తింటున్నప్పుడు నేనేమీ అడగను."

శకుంతలమ్మ తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది.

"ఏమ్మా, ఒక పిల్ల పానం తీసుకోవాలని ఉందని నీతో చెప్పిందనుకో. అప్పుడూ ఎండ బాగా వచ్చిందనే అంటావా?"

"అనను." చంద్రకాంతమ్మ ముందుకు వంగింది. "అదొక్కటే నేను దాచని మాట. మొదటి రోజే ప్రతి పిల్లకూ చెప్తాను, ప్రాణం మీదికి వస్తే మాత్రం ఇంటికి ఫోన్ చేస్తానని. ఆ రోజే చేస్తాను, ఆ గంటలోనే."

"పక్కింటోళ్ల నంబరు ఇచ్చింటే?"

"ఎవరి నంబరైనా చేస్తాను."

శకుంతలమ్మ బల్లమీది ఫోనువైపు చూసింది. ఇన్నాళ్లుగా దేవకమ్మ ఇంట్లో ఫోను పిల్ల చేసే ఆదివారాలు తప్ప తన కోసం మోగలేదు. మోగలేదని ఏడ్చిన రోజులవి. మోగలేదంటే, ఇక్కడ ఏదో ఉంది, దుఃఖమే ఉంది, కానీ పానం మీదికి రాలేదు. ఆ ఒక్కటీ ఈమె తనకు చెప్పకుండానే చెప్పేసింది.

సంచిలోనుంచి నిప్పట్ల పొట్లం తీసింది. "ఎవురో ఒకరు తింటారులే, ఆ డబ్బాలో..." అంటూ లేచి, సగంలోనే ఆగిపోయింది. పుట్నాలు, శెనగ్గింజలు, కరివేపాకు కచ్చాపచ్చాగా దంచి వేసే నిప్పట్టు. ఒక్క ముక్క కొరికితే చాలు, అమ్మ వచ్చిపోయిందని పిల్లకు తెలిసిపోతుంది. ఈ గదికీ అమ్మ చేరుకుందని తెలిసిపోతుంది.

పొట్లం మళ్లీ సంచిలో పెట్టేసుకుంది.

"నేను ఈడికి వచ్చినట్లు..."

"నేను ఎవరికీ చెప్పను శకుంతలమ్మా. మీరూ వచ్చినవాళ్లే కదా."

బయట జయరామ్ ఆమె మొగం చూసి, "కడుక్కుంటావామా? కొళాయి ఆడుండాది" అన్నాడు. ఆమె కడుక్కుంది.

గేటు దావలో నడుస్తుంటే గంట కొట్టినారు. పిల్లలు గుంపులు గుంపులుగా మెస్సువైపు పోతున్నారు. ఆ గుంపులకు ఎదురుగా, లైబ్రరీ వైపు ఒక పిల్ల తల దించుకుని ఒక్కతే నడిచి వస్తోంది. నీలం ఓణీ. దసరాకు తను తీసిన ఓణీ. శకుంతలమ్మ గబుక్కున జామకాయల బండి చాటుకు తప్పుకుంది. జడ పలచబడింది, కాళ్లకు చెప్పులు పాతవే. పిలవడానికి నోరు తెరుచుకుంది. తనే చేత్తో మూసుకుంది.

"జామకాయలు కావాలామా?" అని బండివాడు అడిగినాడు.

"వద్దబ్బా. రొంతసేపు నిలబడనీ."

పిల్ల చెట్ల కింద మలుపు తిరిగి కనపడకుండా పోయింది. బస్సులో ఖాళీ సంచి మడిచి కింద పెట్టుకుని, నిప్పట్ల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది శకుంతలమ్మ. పక్క సీటులో ఎవరూ లేరు. దావంతా ఆ వాసన ఆమెను వదల్లేదు. ఇంటికి పోయి కుప్పయ్యకు పెడితే, "తిరుపతికి పోయినావంటనే? పాప ఎట్లుండాది?" అన్నాడు, నములుతూ.

"దర్శనం కాలేదు" అంది. గుడికే పోయొచ్చిందనుకున్నాడు. నిద్రపోయినాడు.

ఆదివారం దేవకమ్మ గోడ మీదినుంచి కేకేసింది. శకుంతలమ్మ పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుని, నడుచుకుంటూ పోయింది. "ఏమక్కా, ఈరోజు నడస్తాండావు? కాలు బెణికిందా?" అంది దేవకమ్మ.

"హలో. మా."

"చెప్పుమే."

అంతే. జ్వరమా, నీళ్లా, ఫ్యానా, ఎవరు వెంటపడుతున్నారు, అన్నీ గొంతులో వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కదాన్నీ బయటికి పంపలేదు.  అవతల పిల్ల ఊపిరి వినిపిస్తోంది.

"మా, లైన్లో ఉండావా?"

"ఉండాను."

"ఏమీ అడగవేం?"

"నువ్వు ఏమన్నా చెప్తే ఇందామని."

దేవకమ్మ చిక్కుడుకాయ వలవడం ఆపేసి నోరు తెరుచుకుని చూస్తోంది. ఫోన్‌లో బిళ్ల అయిపోతున్న కూత వచ్చింది. పెట్టేస్తుందనుకుంది శకుంతలమ్మ. పెట్టెయ్యలేదు. ఇంకొక బిళ్ల లోపలికి జారిన చప్పుడయింది.

"నిప్పట్లు అయిపోయినాయిమా."

"ఊఁ."

"డబ్బా గూడా నా కాడ లేదు. అవ్వ ఇచ్చిన డబ్బా. ఒక చోట పెట్టుండాను."

యాడ, అనే మాట ముందు పళ్ల దాకా వచ్చింది. శకుంతలమ్మ ఫోన్ తీగను వేలికి చుట్టుకుంది, వేలు తెల్లబడేదాకా.

"ఉండనీలేమే," అంది. "ఆడే ఉండనీ."

అవతల మళ్లీ ఒక బిళ్ల జారింది. తల్లి వింటూ నిలబడింది.