తెల్ల టోపీ దిగిన చోట

క్రికెట్ వికెట్‌కి రెండే కర్రలు, వాటి పైన ఒక పుల్ల ఉండే పాతరోజుల్లో, ఆట ఉన్న రోజు పొద్దున్నే వెళ్లి, వికెట్లు ఎక్కడ పాతాలో నేల చూసి చెప్పే హక్కు పెద్ద బౌలర్‌ది. ఇంగ్లండులో ఆ హాంప్‌షైర్ గుట్టల మీద ఏళ్ల తరబడి ఆ హక్కు ఆంబ్రోస్ హోడ్‌దే. వికెట్ ముందు కాస్త ఉబ్బిన చోటు వెతికేవాడు. చేయి కిందినుంచి విసిరిన బంతి ఆ ఉబ్బు మీద పడి ఎవరూ అనుకోని వైపు లేచేది.

ఈ వసంతం నుంచి అతనికి నేల కనబడటం లేదు. పచ్చగా ఏదో పరుచుకున్నట్టుంటుంది, అంతే. ఎవరికీ చెప్పలేదు. చెబితే నేల ఎంచే పని జట్టులో కుర్ర బౌలర్ లూక్ పెస్కడ్‌కి పోతుంది. అది పోయాక తనలో మిగిలే మనిషి ఎవరో ఆంబ్రోస్‌కి తెలియదు. ఆ మనిషిని కలుసుకోవాలనీ లేదు.

"నేనూ వస్తా. పుట్టగొడుగులు మొలిచుంటాయి," అని భార్య థిర్జా బుట్ట తీసుకుంది.

"మంచులో తడిసి జలుబు చేస్తే నన్ను తిట్టకు."

"నిన్ను తిట్టడానికి జలుబే కావాలా?"

గుట్టమీద ఆమె ముందు నడిచింది. ఆ పచ్చదనంలో ఆమె తెల్ల టోపీ ఒక్కటే అతని కంటికి ఆనింది. టోపీ సమంగా సాగింది, కొంచెం దిగింది, మళ్లీ లేచింది. నేల! టోపీ ఎత్తుపల్లాలే నేల ఎత్తుపల్లాలు. ఎంత తెలివైన ఉపాయం దొరికింది తనకు!

టోపీ వెనక్కి తిరిగి, అదే దారిలో, ఇంకా నెమ్మదిగా నడిచింది. ఒక్కసారీ వంగలేదు. బుట్ట నిండాలని వచ్చిన మనిషి వంగదా?

ఆమెకు తెలుసు. కొన్నాళ్లుగా భోజనంలో చెంచా తెచ్చి చేతిలోనే పెడుతోంది. వయసు మీద పడ్డాక పుట్టిన ప్రేమేమో అనుకున్నాడు. ఇప్పుడు బట్టలు లేకుండా నిలబడ్డట్టు అనిపించింది. వింతేమంటే, చలి వేయలేదు.

"ఇక్కడే పాతుదాం," అన్నాడు.

"ఒక్కటీ మొలవలేదు," అంది ఆమె, వేరేవైపు చూస్తూ.

ఆట మొదలయ్యాక ఆమె అవతలి వికెట్ వెనక, దూరంగా కూర్చుంది. ఆ తెలుపు కేసి అతను బంతి వేశాడు. బ్యాట్ చప్పుడు లేదు, వికెట్ చప్పుడూ లేదు. గురి తప్పిందనుకుని తల వంచుకున్నాడు. చుట్టూ ఎందుకో గగ్గోలు.

"మధ్యలోంచి పోయిందయ్యా!" థిర్జా లేచి అరిచింది. "రెండు కర్రల మధ్యలోంచి! పైనున్న పుల్ల పడలేదంతే!"

పుల్ల పడకపోతే ఆటగాడు అవుట్ కాడు. కానీ ఆ గొడవ ఎవరికీ గుర్తులేదు. బంతి వేసినవాడికి అది ఎటు పోయిందో ఇంకొకరు చెప్పడమేమిటి? థిర్జా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

లూక్ దగ్గరికొచ్చాడు. "ఎన్నాళ్లనుంచి, బాబాయ్?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "ఈ ఏడు మొదటి కోకిల కూసినప్పటినుంచి."

"మరి ఈ చోటెలా పట్టావు?"

"మీ పిన్ని పట్టింది."

లూక్ బంతి తెచ్చి అతని అరచేతిలో పెట్టాడు. "బంతి నువ్వే వెయ్యి. వచ్చే ఆటకి నేల నేను చూస్తా." వెళ్లబోతూ అన్నాడు: "మీరిద్దరూ రావాలి మరి. నా కళ్లకి ఇంత బాగా కనబడి చావదు."

నొప్పి కోసం ఆంబ్రోస్ ఎదురుచూశాడు. వచ్చింది, కానీ ఇన్నాళ్లూ భయపడ్డంత పెద్దది కాదు.

సాయంత్రం గుట్ట దిగుతూ, అందరూ చూస్తుండగానే థిర్జా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇక్కడ పల్లం," అంది.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"టోపీ దిగిందిగా."