మేడమీది స్నానాలగది చెక్క

నేను ఒక టేకు చెక్కను. ఎనిమిది అడుగులు ఉండేదాన్ని, ఇప్పుడు అయిదున్నరకు తగ్గాను. పుట్టింది బర్మా అడవిలో, కోత పడింది కాకినాడ రేవు దగ్గరి ఒక సామిల్లులో. రంగూన్ టేకు అంటే జనం ఆగి మరీ తడిమి చూసే రోజులవి. అంతటి దాన్ని పట్టుకొచ్చి ఒక మేడమీది స్నానాలగదికి నేల చేశారు. ఎవరో పట్టెమంచం చేయించుకుంటారనుకుంటే, జీవితమంతా నెత్తిన నీళ్లు పోయించుకున్నాను.

నా పడక ఎలా ఉండేదో చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి నమ్మరు. ఒక చివర గోడ కన్నంలో దూర్చారు. నడుము కింద ఒక దూలం. రెండో చివరను తలుపు దగ్గరి దూలానికి మేకులతో కొట్టారు. గోడవైపు నా మీద సున్నపు గచ్చు పోసి కొళాయి, రాగి గంగాళం పెట్టారు. తలుపువైపు ఉత్త చెక్కే. కింద వంటిల్లు, సరిగ్గా పొయ్యి.

ఆ గది భ్రమరాంబగారిది. ఆవిడకి మడి ప్రాణంతో సమానం. స్నానం చేసి తలుపువైపు నిలబడి, ఎడమ కాలి మీద బరువంతా ఆన్చి, నొప్పుల కుడికాలిని వేళ్లమీద తాకించి చీర కట్టుకునేవారు. నలభై ఏళ్లు ఆ బరువు మోశాను. చీకట్లో అయినా పోల్చగలను. కోడలు హైమవతి పదకొండేళ్లుగా వేడినీళ్లు మోసుకొచ్చి గడప బయటే పెట్టేది. లోపల అడుగు పెట్టే హక్కు ఆమెకు లేదు. అత్తగారు ఆమెతో మాట్లాడిందీ తక్కువే, పేరు పెట్టి పిలిచింది ఇంకా తక్కువ.

భ్రమరాంబగారు ధనిష్ఠా నక్షత్రంలో పోయారు. ఆ దోషానికి మేడ ఆరు నెలలు మూసేయాలన్నారు పురోహితులు. తాళం వేసే తొందరలో కొళాయి సరిగ్గా కట్టెయ్యలేదు. చుక్క చుక్కగా నీరు గచ్చు పగుళ్లలోంచి నాలోకి దిగింది. అప్పటికే నలభై ఏళ్ల చెమ్మ తాగి ఉన్నాను, పైగా కిటికీలు మూసిన గది. మూడో నెలలో వంటింటి కప్పుకు మరక కనబడింది. హైమవతి చూపించింది. కొడుకు సోమసుందరం తల పైకెత్తి మరకను చూశాడు, పంచాంగం చూశాడు, ఇంకా మూడు నెలలుందన్నాడు. నీటికి పంచాంగం తెలియదన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

తాళం తీసేసరికి గోడలో నా చివర పిప్పి అయిపోయింది. ఉప్పుగాలికి తుప్పు పట్టిన మేకులు తలుపువైపు ఎప్పుడో రాలిపోయాయి. పడిపోతున్నానని చెప్పడానికి నాకున్నది ఒక్కటే గొంతు. రోజూ తెల్లారుజామున కిర్రుమన్నాను. అమ్మ స్నానానికి వచ్చేది కూడా అదే వేళకని సోమసుందరం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వడ్రంగిని పిలవాల్సినవాడు అమ్మకు నీళ్లు పెట్టించాడు. రోజూ ఉదయం హైమవతి లోపలికి వచ్చి గంగాళం నిండా నీళ్లు పోయాలి. నేను ఎంత మొత్తుకుంటే అంత భక్తి పెరిగింది.

నాకు భయం వేసింది. నేను విరిగితే విరుగుతాను, కానీ హైమవతి గచ్చుతో, గంగాళంతో సహా మండే పొయ్యి మీద పడుతుంది.

ఒక శుక్రవారం బాగా తెల్లవారాకే ఆమె వచ్చింది. బిందె వంచుతుండగా గోడ కన్నంలో మిగిలిన ఆ కాస్త పిప్పి కూడా జారిపోయింది. నా గోడవైపు చివర కిందికి దిగింది, తలుపువైపుది పైకి లేచింది. గచ్చు బీటలు వారింది. అయిపోయిందనుకున్నాను.

అప్పుడు తలుపువైపు నా మీద ఒక బరువు వచ్చి నిలబడింది. ఎడమ కాలు గట్టిగా. కుడికాలు వేళ్లమీద.

తక్కెడలో రెండో పళ్లెం పడ్డట్టు నేను ఆగిపోయాను. హైమవతి తిరిగి చూసింది. పొడిచెక్క మీద రెండు తడి అడుగులు, ఒకటి నిండుగా, ఒకటి వేళ్లు మాత్రమే, ఆమె వైపే తిరిగి ఉన్నాయి. బిందె మెల్లగా దించి, గోడ పట్టుకుని, ఆ అడుగులు తొక్కకుండా పక్కనుంచి బయటికి వెళ్లింది. ఆమె గడప దాటేవరకు ఆ బరువు కదలలేదు.

కిందికి వెళ్లి నీళ్లు పెట్టడం ఆపేద్దామని, వడ్రంగిని పిలవమని భర్తకు చెప్పింది. అమ్మ ఏమనుకుంటుందోనని ఆయన నసిగాడు.

“అత్తయ్యగారే చెప్పారండి,” అంది హైమవతి. ఆయన వడ్రంగికి కబురు పంపాడు.

వడ్రంగి పేరయ్యాచారి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. కొళాయి కట్టించి, గంగాళం ఖాళీ చేసి, గచ్చు పగలగొట్టి, కుళ్లిన చెక్కలన్నీ ఊడదీశారు. దూలాల చివర్లకు తారు పూశారు. చివరికి నా వంతు వచ్చింది. నా గోడవైపు ముక్క కోసేసి, గోడ కన్నంలో చేయి పెట్టి చూసి, ఆచారి వెనక్కి కూర్చున్నాడు.

“ఇదేంటండమ్మా, ఈ పక్క గోడలో ఏం లేదు, ఆ పక్క ఒక్క మేకూ లేదు. ఇది ఇన్నాళ్లూ దేనిమీద ఆగిందండీ?”

అన్నదమ్ములిద్దరూ తలుపువైపు గునపం పెట్టి ఎత్తారు. నేను లేవలేదు. మళ్లీ ఎత్తారు. చెమటలు పట్టాయి తప్ప కదిలింది లేదు. ఏ మేకూ లేని చెక్క అలా బిగుసుకోవడం వాళ్లెక్కడా చూడలేదు. నాకు తెలుసు, ఆవిడ ఇంకా నిలబడే ఉన్నారు. బతికుండగా ఒక్క మంచిమాట అనని కోడలి కోసం, నొప్పికాలితో. నాకు ఏడుపొచ్చింది, చెక్కకు ఏడుపేమిటని మీరు నవ్వినా సరే.

హైమవతి వాళ్లను ఆగమంది. గడప దగ్గరికి వచ్చి, ఎవరూ లేని ఆ చోటి వైపు వంగి, చేయి చాచింది.

“అత్తయ్యా, కొత్త చెక్కలు వేస్తున్నారు. నేనింక పడను. మీరు దిగండి.”

కాసేపటికి కుడికాలి వేళ్లు లేచాయి. తర్వాత ఎడమ కాలు. చాచిన హైమవతి చేయి ఒక్కసారి బరువుగా కిందికి వంగి, మళ్లీ తేలింది. పేరయ్యాచారి నన్ను ఒక్క చేత్తో పైకి ఎత్తాడు.