పచ్చాకు లేని తీగ

దొంగిలించి తెచ్చిన మొక్కే ఏపుగా పెరుగుతుందని వాసంతి అమ్మమ్మ నమ్మకం. భీమవరంలో వాళ్ళ పెరట్లో మనీప్లాంటు, కనకాంబరాలు, ఆఖరికి కరివేపాకు కూడా పక్కిళ్ళ సొత్తే. అడిగి తెచ్చుకున్న మొక్కకి పౌరుషం ఉండదట. ఎంటెక్ చదివి, నానక్‌రామ్‌గూడలో పదకొండో అంతస్తులో ఉద్యోగం చేసే వాసంతి కూడా ఈ మాట నమ్మేది. చదువుకీ ఇలాంటి నమ్మకాలకీ ఎప్పుడూ తగువు లేదు, రెండూ ఒకే బుర్రలో హాయిగా కాపురం చేస్తాయి.

పక్క సీటు జాయ్స్‌ది. కిటికీ దగ్గర ఆమె వేలాడదీసుకున్న తీగమొక్క పేరు స్ట్రింగ్ ఆఫ్ హార్ట్స్. హృదయాకారంలో చిన్న చిన్న దళసరి ఆకులు. మధ్యలో పచ్చ, అంచుల్లో మీగడ రంగు, ఎండ తగిలిన చోట గులాబీ. దాని తీగల్లో ఒక్కదానికి మాత్రం పచ్చదనమే లేదు, మొదలు నుంచి చివరి దాకా తెలుపే. వాసంతి కళ్ళెప్పుడూ దాని మీదే.

"దాని మీద కన్నెయ్యకు," అని జాయ్స్ నవ్వేది. "అది ఒట్టి సోకులది. వంటంతా పచ్చాకులు చేస్తయి, ఇది కూసొని తింటది. కోసి వేరే పెట్టినవనుకో, ఆకలికి చస్తది."

రోజూ మధ్యాహ్నం జాయ్స్ చందానగర్‌లో ఉన్న తల్లి దీనమ్మకి వీడియో కాల్ చేసేది. ముందు మొక్కని చూపించి, ఆ తర్వాతే తన మొహం చూపించేది.

ఆగస్టులో జాయ్స్‌కి డెంగీ వచ్చింది. పదకొండో రోజు పోయింది. ముప్పై రెండేళ్ళు.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు వాసంతి అందరికన్నా ముందు ఆఫీసుకి వెళ్ళి, ఆ తెల్ల తీగని కత్తెరతో కోసి టిఫిన్ డబ్బాలో దాచుకుంది. జాయ్స్ మాట గుర్తు లేక కాదు. దొంగతనంగా తెచ్చింది కదా, ఇది బతుకుతుంది అనుకుంది. ఏడెనిమిది పచ్చ తీగలు పక్కనే వేలాడుతుంటే వాటి వంక చూడనైనా లేదు. దుఃఖంలో ఉన్న మనిషికి అమ్మమ్మ మాటే శాస్త్రం.

ఇక కుండీలో మిగిలిన మొక్క సంగతి. దానికి పదిహేను రోజులకోసారి నీళ్ళు చాలు. కానీ ఆఫీసులో ఏడవడానికి మొహమాటపడ్డ వాళ్ళంతా, వెళ్తూ వస్తూ, సీసా అడుగున మిగిలిన నీళ్ళు అందులో పోశారు. పాపం, దీన్ని చూసేవాళ్ళెవరున్నారని ఎవరికి వారే అనుకున్నారు. వాసంతి కూడా పోసింది. మూడు వారాలయ్యాక హౌస్‌కీపింగ్ యాదయ్య కుండీ దించి చూపించాడు.

"దుంపలన్నీ కుళ్ళినయి మేడం. అందరు పోసిర్రు," అన్నాడు. కుండీ పక్కన పెడుతూ, "నేను గూడ పోసిన," అన్నాడు.

అక్టోబరులో దీనమ్మ ఫోన్ చేసింది.

"మా జాయ్స్ చెట్టు మీ ఆఫీసులనే ఉన్నదా బిడ్డా? జర నాకు తెచ్చిస్తవా? రోజూ పగటిపూట చూసేదాన్ని. ఇప్పుడు ఆ టైముకు ఏం జెయ్యాల్నో సమజైతలేదు."

కుళ్ళిపోయిందని చెప్పడానికి వాసంతికి నోరు రాలేదు. "తెస్తానండీ ఆంటీ," అంది. ప్రగతి నగర్‌లో తన ఇంటి కిటికీలో తెల్ల తీగ ఉంది కానీ, రెండు నెలల్లో ఒక్క కొత్త ఆకు వెయ్యలేదు. కుండీలో ఇసుక మార్చింది, మొక్కల కోసం అమ్మే లైటు కొని దాని పైన పెట్టింది, ఆన్‌లైన్లో ఎవరెవరినో అడిగింది. అందరూ జాయ్స్ చెప్పిందే చెప్పారు. కింది నుంచి ఒక్కొక్క ఆకూ పలచబడి రాలిపోతోంది. తొమ్మిది మిగిలాయి. ఇక దీన్నెవరూ బతికించలేరని వాసంతికి తెలిసిపోయింది. అయినా తీసుకెళ్ళింది, వేరే ఏమీ లేదు కాబట్టి.

ఆదివారం, దీనమ్మ చర్చి నుంచి వచ్చాక వెళ్ళింది. దీనమ్మ కుండీని కిటికీ దగ్గర పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క ఆకునీ వేలితో తిప్పి చూసింది.

"బతుకుతుందండీ," అంది వాసంతి, ఆవిడ అడక్కుండానే.

"దవాఖానల గూడ గిట్లనే అన్నరు బిడ్డా," అంది దీనమ్మ. గొంతులో కోపం లేదు.

వాసంతి ఇక ఆపుకోలేకపోయింది. కత్తెర సంగతి, టిఫిన్ డబ్బా సంగతి, అందరూ నీళ్ళు పోసి కుళ్ళబెట్టిన సంగతి, అన్నీ ఏడుస్తూ చెప్పేసింది. ఒక్క పచ్చ తీగ కోసుకున్నా మీకు దక్కేదండీ అంది. దీనమ్మ ఆకుల మీద నుంచి చెయ్యి తియ్యకుండా అంతా విన్నది.

"పచ్చది లేకుంటే తెల్లది బతకదని నాకు గూడ రోజూ చెప్పేది," అంది చివరికి. "నీళ్ళు ఎన్ని దినాలకు పొయ్యాలె?"

"పదిహేను రోజులకోసారండీ."

దీనమ్మ గోడ మీది చర్చి క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, పెన్సిలుతో రోజులు లెక్కపెట్టి ఒక తేదీకి సున్న చుట్టింది. దాని తర్వాతి సారి కోసం పేజీ తిప్పబోయి, మానుకుంది.