నా పేరుతో లంకకు వెళ్లినవాడు

ముందు చప్పుడు వినిపిస్తుంది. మైకు మీద ఎవరో వేలితో టక్కు టక్కుమని కొడుతున్నారు, ఆ తరువాత నోటితో ఊదుతున్నారు, ఆ ఊపిరి ఇసుక మీద గాలిలా పాకి నా పాదాల దాకా వచ్చి ఆగుతుంది; అది ఆగాక గాని చుట్టూ వెలుతురు రాదు. వెలుతురులో చూస్తే ఇది మా దైవశాస్త్ర కళాశాలలో గ్రీకు చెప్పే గది, నల్లబల్ల మీద క్రియారూపాలు తెల్లగా వరుస కట్టి ఉన్నాయి, కాని కింద గచ్చు లేదు, గోదావరి ఇసుక ఉంది, బల్లలు ఉండవలసిన చోట ఈతచాపలు పరచి ఉన్నాయి, మైకు ముందు నిలబడి నన్ను చూస్తున్నవాడు మూడేళ్లు నా గదిలో నాతో ఉన్నవాడు, ఎనిమిది నెలల కిందట ఒక ఆదివారం సాయంత్రం లారీ కింద పడి చనిపోయినవాడు. పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరుస్తాను. పేరు రాదు.

"వందనాలు పాస్టరుగారూ," అంటాడు వాడు, నన్ను ఏడిపించేటప్పటి సాగదీతతోనే.

"ఇంకా కాలేదు. అభిషేకం రేపు."

"రేపని తెలిసే వచ్చాను."

ఆ మాట నాకు నచ్చదు. ఇన్ని నెలలు రానివాడు, రేపు బిషప్ గారు నా తల మీద చేతులుంచబోతుండగా, భోజనం చేసి కాసేపు నడుం వాల్చిన వేళ కనిపెట్టి ఎందుకు వచ్చినట్టు? ఆ నవ్వు ఎందుకు? ఆ చొక్కా జేబు ఎందుకు ఉబ్బి ఉంది?

"జేబులో ఏమిటది?"

"నీదే," అంటూ వాడు మడత విప్పి చూపిస్తాడు, మా ప్రిన్సిపాలు గారి సంతకంతో సంఘపెద్దకు రాసిన ఉత్తరం, 'ఈ ఉత్తరము తెచ్చువారు మా విద్యార్థి జెకర్యా, ఆదివారపు ఆరాధనలో వాక్యము చెప్పుటకు పంపుచున్నాము' అన్న రెండు వరుసలు, వాటి కింద తడిసి అలుక్కుపోయిన ముద్ర.

ఆ జెకర్యా నేనే. ప్రతి శుక్రవారం నోటీసుబోర్డు మీద జాబితా పెడతారు, ఎవరు ఏ ఊరి సంఘానికి వెళ్లాలో అందులో ఉంటుంది, వార్డెను అనుమతి లేకుండా ఒకరి వంతు ఇంకొకరు తీసుకోకూడదు. ఆ శుక్రవారం నాకు గోదావరి నడుమ ఉన్న లంకగ్రామం పడింది, సోమవారం గ్రీకు పరీక్ష ఉంది. గొంతు పోయిందని గుసగుసగా చెప్పి, వార్డెనుకు తెలియనీయవద్దని బతిమాలి, నా ఉత్తరం నేనే వీడి జేబులో పెట్టి పంపించాను. వీడు వెళ్లాడు, నా పేరుతో వాక్యం చెప్పాడు, పడవ దిగి రోడ్డెక్కాక తిరిగి రాలేదు. హాస్టలు రిజిస్టరులో 'అనుమతి లేకుండా వెళ్లినవాడు' అని రాసుకున్నారు. ఆ ఒక్క వాక్యం వల్ల, పోయినవారిని తలచుకొనే ఆరాధనలో వీడి పేరు చదవలేదు. నేను రెండో వరుసలో కూర్చొని విన్నాను, చదవకపోవడాన్ని.

"గొంతు నయమైందా?" అని అడుగుతాడు.

"వెటకారమా?"

"లేదురా. ఆ తెల్లవారుజామున నువ్వు స్నానాలగదిలో గ్రీకు క్రియలు వల్లె వేస్తుంటే పక్క స్నానాలగదిలో నేనే ఉన్నాను. గంటలా ఉంది గొంతు."

ఇసుక కింద నీరు కదులుతున్నట్టుంది, చాపలు నెమ్మదిగా తేలి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, మేమిద్దరం ఒకే చాప మీద ఎప్పుడు కూర్చున్నామో తెలియదు.

"తెలిసి ఎందుకు వెళ్లావు?"

"ప్రసంగం తరగతిలో నేను నోరు విప్పితే మా ఊరి యాసకు మీరంతా నవ్వేవాళ్లు. నువ్వు కూడా నవ్వావు, కాదనకు. ఒక్కరోజు నువ్వై నిలబడితే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. లంకలో ఎవరూ నవ్వలేదు. నాటుకోడి వండారు. తొడముక్క జెకర్యా అయ్యగారికే వేశారు, నేను తిన్నాను, నీకేం మిగల్చలేదు."

నవ్వు రాబోయి ఆగుతుంది. ఇది వీడు చెబుతున్నదేనా, లేక వీడి నోటితో నాకు కావలసిన మాటలు నేనే పలికించుకుంటున్నానా? ఇష్టపడే వెళ్లాడు, సంతోషంగానే తిన్నాడు, కనుక రేపు నేను నిశ్చింతగా మోకరించవచ్చు. ఇంత సులువుగా నన్ను విడిచిపెట్టే చనిపోయినవాణ్ణి నేను నమ్మను.

"నిన్ను ఎవరు పంపారు?"

"నన్నా? ఎప్పుడూ నువ్వే కదా పంపేది," అని వాడు మొదటిసారి నవ్వు మానేసి నా వైపు తిరుగుతాడు. "మా అమ్మ వార్డెను గది బయట నిలబడి, 'మావోడు చెప్పకుండా ఎక్కడికీ పోయేవోడు కాదండీ, ఆ రోజు ఏడికెల్లాడో ఎవురైనా చెప్పండి' అని అడుగుతున్నప్పుడు నువ్వు ఎక్కడున్నావు?"

"అక్కడే. నీ పెట్టె ఆటోలోకి మోస్తున్నాను."

"బరువుగా ఉందా?"

అంత్యక్రియలైన నాలుగో రోజున లంక నుంచి సంఘపెద్ద పోస్టులో పంపిన చీటీ సంగతి వీడికి తెలుసో లేదో, తెలియకపోతే చెప్పాలో వద్దో, లెక్క వేసుకుంటూ కూర్చుంటాను. 'జెకర్యాగారి వాక్యము మా సంఘమునకు మిక్కిలి ఆదరణ కలిగించెను' అని ఉంది అందులో, దాన్ని నా ఫైలులో పెట్టారు, అభిషేకపు ఇంటర్వ్యూలో పెద్దలు పైకి చదివారు, నేను తల దించుకుంటే వినయమనుకున్నారు.

"నీకేం కావాలి?" అంటాను చివరకు.

వాడు మైకు నా ముందుకు జరుపుతాడు. ఎదురుగా చాపల మీద ముసుగులు కప్పుకొని సంఘమంతా కూర్చొని ఉంది, ఎప్పుడు వచ్చారో తెలియదు, ముందువరుసలో చూపు లేని ముసలామె చెవి నా వైపు తిప్పి, వాక్యం కోసం కాచుకొని ఉంది. "వందనాలు," అంటాను మైకులో. ఆమె కనుబొమలు ముడిపడతాయి. "ఎవురయ్యా నువ్వు? గొంతు వేరేగా ఉందే?" అంటుంది, ఆ మాటతో ముసుగులన్నీ ఒక్కసారిగా నా వైపు లేస్తాయి, వాడి కోసం పక్కకు తిరిగితే అక్కడ చాప ఖాళీగా ఉంది.

మెలకువ వస్తుంది. పగలు మూడు కావస్తోంది, గోడకు తగిలించిన నా కొత్త తెల్లంగీ ఫ్యాను గాలికి ఊగుతోంది, దిండు పక్కన ఫోను మోగుతోంది.

"ఆయ్, వందనాలండి జెకర్యా అయ్యగారూ. లంకనించి సంఘపెద్దనండి. ఆఫీసోరు మీ నెంబరిచ్చారండి. రేపు మీ అభిసేకానికి పద్దెనిమిదిమందిమి వత్తన్నామండి, మా ఆడోళ్లు మీకు సాలువా కూడా తీసుకున్నారండి."

"చాలా సంతోషమండి," అంటాను.

అవతల వెనుక ఎక్కడో పడవ ఇంజను కొట్టుకుంటోంది.

"ఎవరండీ మాటాడేది?" అంటాడాయన, అనుమానంగా. "మా అయ్యగారి గొంతు కాదండి ఇది."

జలుబు చేసిందని చెప్పవచ్చు. గొంతు బాగాలేదని చెప్పడం నాకు కొత్త కాదు. మందిరంలో చోటు చాలదు, రావద్దండీ అని చెప్పవచ్చు. గోడ మీద అంగీ భుజాలు లేకుండానే కదులుతోంది.

"జెకర్యానేనండి. ఆ ఆదివారం మీ దగ్గరకు వచ్చినది నేను కాదు. నా బదులు, నా ఉత్తరంతో, నా స్నేహితుడు వచ్చాడు. తిరిగి వస్తూ దారిలో చనిపోయాడు. వాడు మీ దగ్గరకు వచ్చాడని ఇక్కడ ఎవరికీ తెలియదు, వాళ్ల అమ్మకు కూడా. ఇప్పుడే వెళ్లి ప్రిన్సిపాలు గారికి చెబుతాను."

ఫోను చెవి దగ్గరే పట్టుకొని లేచి చెప్పులు వేసుకుంటాను.

"మరి ఆయన పేరేంటండీ?" అంటాడాయన. "ఎనిమిది నెలల్నించి మీ పేరెట్టి పార్దన చేత్తన్నామండి."

"ఒబద్యా," అంటాను. "దార్ల ఒబద్యా."